తలాపు దగ్గరి చోటు

మొయినాబాద్ దగ్గరి మా హిమాయత్‌నగర్‌లో ఎవరు పోయినా ఆ కబురు మొదట నా కొట్టుకే వస్తుంది. నాకేదో దివ్యదృష్టి ఉందని కాదు. తెల్లబట్ట, అగరుబత్తి, పసుపు, గులాలు అమ్మేది నేనే. పొద్దున్నే ఎవరింటి మనిషి వచ్చి తెల్లబట్ట అడిగాడో చూస్తే ఇంక వేరే ప్రశ్న అక్కర్లేదు. నా పేరు ముకుందం. ఊళ్ళో ఆ పేరు వాడేది కరెంటు బిల్లు ఒక్కటే, మిగతా అందరికీ నేను సేటునే. నా తర్వాత కబురు చేరేది ఎంకమ్మకు. ఒక్కోసారి నాకంటే ముందే చేరేది. ఇప్పుడు చెప్పబోయేది ఆమె సంగతే.

మా దిక్కున చావింట్లో ఆడవాళ్ళు ఉత్తగా కన్నీళ్ళు పెట్టుకొని ఊరుకోరు. రాగం తీసి, పోయిన మనిషిని వరస పెట్టి పిలుస్తూ, ఆ మనిషి ఏం తిన్నాడో, ఎన్ని తిప్పలు పడ్డాడో, ఎవరిని సాకాడో అంతా మాటల్లో చెప్పుకుంటూ ఏడుస్తారు. అట్లా ఏడవడం చాలామందికి వచ్చు. విన్నవాళ్ళు పనులు మరిచి నిలబడిపోయేటట్టు ఏడవడం మాత్రం ఊరికి ఒక్కరికే వస్తుంది. మా ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఆ ఒక్కరూ ఎంకమ్మే. ఇందుకు ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వరు, ఇవ్వబోతే తిడుతుంది. ఆమెకు దక్కేదల్లా శవం తలాపున కూర్చునే చోటు. ఆమె వాకిట్లో అడుగుపెట్టగానే సొంత చుట్టాలు కూడా జరిగి తల దగ్గర చోటిస్తారు.

మిగతా రోజుల్లో ఎంకమ్మ చేవెళ్ళ దిక్కు చామంతి తోటల్లో పూలు కోసే కూలి. అరవై దాటింది. తోటలో మేస్త్రి ఆమె మీద కసురుకుంటాడు. తను ఫోన్ చేస్తే కూతురు పూజ రెండు మాటలకే పెట్టేస్తుంది. షేర్ ఆటోలో ఆమె నోరు విప్పితే పక్కనున్న కాలేజీ పిల్లలు చెవుల్లో ఏదో దోపుకుంటారు. ఆమె మాట ఊరంతా కదలకుండా వినేది తలాపున కూర్చున్న ఆ ఒక్క గంటే. ఆ గంట కోసమే ఆమె బతుకుతుందని నేనంటే మా ఇంట్లో నవ్వారు.

ఆ గంట కోసం ఆమె పడే కష్టం మామూలుది కాదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే చాలు, తోట నుంచి వచ్చిన చీరతోనే వెళ్ళి మంచం పక్కన కూర్చునేది. చిన్నప్పుడు ఏ కూర ఇష్టం, ఎవరి చేత దెబ్బలు తిన్నావు, ఏ ఎద్దు అంటే ప్రేమ, అన్నీ అడిగి మనసులో పెట్టుకునేది. నాకొకసారి డెంగీ వచ్చి మెహిదీపట్నం దవాఖానాలో వారముండి ఇంటికొస్తే, మర్నాడు పొద్దున మా గుమ్మంలో ఎంకమ్మ.

"సేటూ, చిన్నప్పుడు నీకు ఏం తినబుద్ధి అవుతుండె?"

"నేనింక పోతలేనే ఎంకమ్మా" అన్నాను.

"నిన్ను పొమ్మన్ననా? అడిగి పెట్టుకుంటున్న" అంది, తప్పు నాదైనట్టు.

అట్లాంటి ఎంకమ్మ కడుపులో నిప్పు పోసింది నీలమ్మ.

రెండేళ్ళ కింద కొండకల్ దిక్కు నుంచి మొగుడితో వచ్చి, ఊరి బయట ఒక ఫామ్‌హౌస్‌లో వాచ్‌మన్ గదిలో కాపురం పెట్టింది. నలభై అయిదు ఏళ్ళుంటాయి. నెమ్మదైన మనిషి. వచ్చిన కొత్తలో ఆమె నోట మాట నేను వినలేదు. కుమ్మరింటి పెద్దవ్వ పోయిన రోజు అందరం విన్నాం. ఆ రోజు ఎంకమ్మ తలాపున కూర్చుని, పెద్దవ్వ కాపురానికి వచ్చిన దగ్గరనుంచీ మొదలుపెట్టి, గొంతెత్తి గంటసేపు ఏడ్చింది. నీళ్ళు తాగడానికి ఆగింది. ఆ సందులో, కాళ్ళ దగ్గర కూర్చున్న నీలమ్మ మొదలుపెట్టింది. రాగం లేదు. బతికున్న మనిషి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది.

"అవ్వా, చింతకాయ తొక్కు ఇస్తనంటివి. గిన్నె తీస్కొని రమ్మంటివి. గిన్నె కడిగి తెచ్చిన. ఎవలకియ్యాలె అవ్వా?"

కొంగు చాటు నుంచి నిజంగానే స్టీలు గిన్నె తీసి శవం పక్కన పెట్టింది. అప్పటిదాకా ముక్కులు చీదుకుంటున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. మగవాళ్ళు గోడ దిక్కు తిరిగారు. నేను కూడా తిరిగాను. ఎంకమ్మ ఒక్కతే చేతిలో నీళ్ళ చెంబుతో అట్లాగే ఉండిపోయింది.

పంచాయతీ ఆఫీసులో పనిచేసే జితేందర్ అదంతా ఫోన్‌లో పట్టి స్టేటస్ పెట్టుకున్నాడు. రెండు రోజులకు ఎంకమ్మ నా కొట్టుకు వచ్చి, ఎవరూ లేనిది చూసి, "అదేందో ఫోన్ల వచ్చిందంట, జర పెట్టు సేటూ" అంది. పెట్టాను. విన్నది. మళ్ళీ పెట్టమంది. మూడోసారీ విన్నాక "ఇది ఏడ్సుడా? కిరాణ సామాన్ అడిగినట్లున్నది" అంది. మెట్టు దిగి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి ఇంకొకసారి పెట్టమంది.

అసూయ పడేవాళ్ళను చూసి నవ్వడం తేలిక. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ ఏడాదే కల్యాణ్ అనే కుర్రవాడు మొయినాబాద్‌లో ఏసీ సూపర్‌మార్కెట్ తెరిచాడు. నేను ఏదో పని ఉన్నట్టు వెళ్ళి, అందులో గంటసేపు ఊరికే తిరిగి, ఒక సబ్బు కొనుక్కొని వచ్చాను. వాడి కందిపప్పు నా కందిపప్పు కంటే మంచిదేమీ కాదని మా ఆవిడకు రోజూ చెప్పేవాణ్ణి. ఆమె అడగకపోయినా చెప్పేవాణ్ణి.

తర్వాతి చావుకు ఎంకమ్మ ఒక పిచ్చి పని చేసింది. తన గొంతు వదిలేసి నీలమ్మ లాగా చిన్నగా, మాటల్లాగా ఏడవబోయింది. అలవాటు లేని పని కదా, మధ్యలో మాట తడబడింది. "ఎంకమ్మకు గొంతు పాయెనా ఏంది?" అని ఎవరో గుసగుసలాడారు, అది ఆమె చెవిన పడింది. ఆ తర్వాతి చావుకు ఆమె వెళ్ళేసరికే ఆ ఇంటివాళ్ళు నీలమ్మను పిలిచి తలాపున కూర్చోబెట్టుకున్నారు. ఎంకమ్మను చూసి కూడా ఎవరూ జరగలేదు. కాళ్ళ దగ్గర కూర్చుని వచ్చింది. రెండు రోజులు పొయ్యి ముట్టించలేదని వాళ్ళ పక్కింటావిడ నాతో అంది. నీలమ్మ మీద ఆమెకు ఎంత మంట ఉండేదంటే, నీలమ్మ ఎక్కిన ఆటో ఎక్కేది కాదు. ఎండలో నడిచేది.

ఇట్లా ఉండగా మా కొట్టుకు ఎదురింటి బుచ్చయ్యకు పక్షవాతం వచ్చింది. నోరు పడిపోయింది. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

బుచ్చయ్యకు ఒక తమ్ముడున్నాడు, ఎల్లేశ్. చేవెళ్ళలో ఉంటాడు, చేవెళ్ళ నుంచి మొయినాబాద్‌కు మా కొట్టు ముందరి రోడ్డు మీదుగా షేర్ ఆటో నడుపుతాడు. అన్నదమ్ముల మధ్య పదకొండేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళ తల్లి బుచ్చయ్య దగ్గరే పోయింది. అప్పుడు ఎల్లేశ్ లారీ మీద షోలాపూర్ దాకా పోయి ఉన్నాడు. వస్తున్నా, ఆపండి అని ఫోన్‌లో మొత్తుకున్నాడు. పొద్దు గుంకకముందే ఎత్తాలని పెద్దమనుషులు తొందర పెట్టారు, బుచ్చయ్య ఎత్తాడు. ఎల్లేశ్ వచ్చేసరికి కాట్లో మంట ఆరిపోయింది. తల్లి ముఖం చూడలేదు. "నువ్వు సచ్చినా నీ మొకం సూడ" అని అన్న మీద దుమ్మెత్తి పోసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి బుచ్చయ్య ఇంట్లో తమ్ముడి పేరు ఎత్తకూడదు. ఒకసారి కూతురు సంతోషి పొరపాటున చిన్నాయన అన్నదని బుచ్చయ్య కంచం వదిలి లేచాడు. ఇదంతా ఊళ్ళో అందరికీ తెలుసు, నీలమ్మకు తప్ప.

బుచ్చయ్య ఇంక ఇవాళో రేపో అన్నప్పుడు ఎంకమ్మ నా కొట్టు బల్ల మీద కూర్చుని ఉంది. నీలమ్మ వచ్చింది. చేతిలో కల్యాణ్ దుకాణం సంచి. దాన్ని చూసే నాకు సగం ఒళ్ళు మండింది. ఆమె ఎంకమ్మ పక్కన, బల్ల మీద కాకుండా కింద మెట్టు మీద కూర్చుంది.

"అక్కా, బుచ్చన్న సంగతి నాకేం తెల్వది. రేపు పిలిస్తే ఏం అనాలె? నీకన్న తెలిసినోల్లు ఎవలున్నరు. జర చెప్పు."

అంత మర్యాదగా అడిగింది. ఎంకమ్మ కాసేపు రోడ్డు దిక్కు చూసింది. తర్వాత చెప్పింది.

"బుచ్చన్నకు తమ్ముడంటె పానమే. ఎల్లేశు. తొమ్మిదొద్దుల సంది మంచంల పడి తమ్ముని పేరే కలవరిస్తుండు. ఎల్లేశూ, ఎల్లేశూ అని. నేనే ఇన్న. ఆ మాట ఎత్తుకో. ఇంట్లోల్లకు మనసు నిండుతది."

నోరు పడిపోయిన మనిషి కలవరించడం. ఆ ఇంట్లో వినపడకూడని పేరు. రెండూ కలిపి శవం తలాపున కూర్చుని నీలమ్మ అంటే ఏమవుతుందో నాకు తెలుసు, ఎంకమ్మకు ఇంకా బాగా తెలుసు. నేను ఆ బల్లకు మూడడుగుల దూరంలో చక్కెర పొట్లాలు కడుతున్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. నీలమ్మ పక్కన ఆ సంచి ఉంది. నేను చక్కెర పొట్లాలు కట్టుకుంటూ ఉండిపోయాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఎంకమ్మ ఒక్కదాని మీదే నింద వేసి తప్పుకోలేను.

మర్నాడు తెల్లవారి బుచ్చయ్య పోయాడు. పదకొండు గంటలకల్లా వాకిలి నిండిపోయింది. ఎంకమ్మ ముందే వచ్చింది. ఇంటివాళ్ళు తలాపున చోటిచ్చినా కూర్చోలేదు. "నీలమ్మను కూసోనియ్యిన్రి, మంచిగ ఏడుస్తది" అని తనే కాళ్ళ దగ్గరకు పోయింది. ఎంకమ్మకు బుద్ధి వచ్చిందని నలుగురూ అనుకున్నారు.

అదే సమయానికి నా కొట్టు ముందర ఒక ఆటో ఆగింది. ఎల్లేశ్. దిగలేదు. ఇంజన్ ఆపలేదు. అన్న వాకిలి దిక్కు చూడలేదు. "నీళ్ళ సీస ఒకటియ్యి సేటూ" అన్నాడు. ఇచ్చాను. మూత తీయకుండా చేతిలోనే పట్టుకుని చేవెళ్ళ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి అంతదూరం మాత్రం వచ్చాడు. నేను కొట్టు వదిలి రోడ్డు దాటి, బుచ్చయ్య ఇంటి అరుగు ఎక్కాను.

నీలమ్మ మొదలుపెట్టింది.

"బుచ్చన్నా, అందరు ఎత్తుదామంటున్నరు. నువ్వు లేవకు. నీ తమ్ముడు ఇంక రాలే. తొమ్మిదొద్దులు ఎల్లేశూ ఎల్లేశూ అని పిలిచినవంట. పిలిచి పిలిచి నోరు ఎండె. ఇంకొక్క గడె ఓర్సుకో. తమ్ముడు తొవ్వల ఉన్నడు. తమ్ముని మొకం సూడకుంట ఎట్ల పోతవన్నా? ఎవలు ఎత్తుమన్నా మేం ఎత్తం. ఎల్లేశు వచ్చినంకనే నువ్వు లేసేది."

వాకిలంతా గప్‌చుప్ అయిపోయింది, ఆ మాటలు రోడ్డు దాకా వినపడ్డాయి. సంతోషి తలెత్తి "ఏమంటున్నది ఈమె?" అంది. ఒక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. కాళ్ళ దగ్గర ఎంకమ్మ తల వంచుకుని ఉంది, కానీ నేను అరుగు అంచున ఆమెకు పక్కగా కూర్చుని ఉన్నాను కాబట్టి ఆమె ముఖం కనిపించింది. దీని కోసమే కదా ఇన్నాళ్ళూ కడుపులో మంట పెట్టుకున్నది. నాలోనూ ఏదో సంబరం కదిలింది, క్షణంపాటే.

నా వెనక ఆటో ఇంజన్ ఆగింది.

ఎల్లేశ్ రోడ్డు దాటాడు. గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి పోవాలో వద్దో తెలియని మనిషిలాగా చేతిలో ఆ నీళ్ళ సీసాతోనే నిలబడ్డాడు. బుచ్చయ్య భార్య అతన్ని చూసింది. భర్త తొమ్మిది రోజులు ఒక్క మాట పలకలేదని ఆమెకంటే తెలిసినవాళ్ళు ఎవరు? అయినా వంగి, భర్త ముఖం మీది బట్ట పక్కకు తీసింది. ఎల్లేశ్ పోయి అన్న మీద పడిపోయాడు. "వచ్చిన అన్నా, వచ్చిన" అన్నాడు. ఆ రోజు ఊళ్ళో ఏడవని మనిషి లేడు.

కాటి నుంచి వచ్చాక అందరి నోటా నీలమ్మే. పదకొండేళ్ళ పగను ఒక్క ఏడుపుతో కడిగేసింది అన్నారు. జితేందర్ మళ్ళీ స్టేటస్ పెట్టాడు. నీలమ్మ మాత్రం కంగారుగా తల అడ్డంగా ఊపింది. "నాకేం తెల్సు, అంత ఎంకమ్మక్కనే చెప్పింది" అంది. ముసలమ్మలంతా ఎంకమ్మ వైపు తిరిగారు. "నీది పెద్ద మనసే ఎంకమ్మా" అని ఒకామె గడ్డం పట్టుకుంది. ఎంకమ్మ ఆ చేతిని విదిలించుకుని వెళ్ళిపోయింది. ఏడ్చి ఏడ్చి అలిసిందిలే అనుకున్నారు.

మూడోనాడు కాటి దగ్గర పిట్టకు కూడు పెట్టి వచ్చాక, మధ్యాహ్నం వేళ ఎల్లేశ్ నా కొట్టుకు వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. బల్ల మీద ఎంకమ్మ ఉంది. ఆ మూడు రోజులూ ఆమె తోటకు పోలేదు, నాతో మాట్లాడనూ లేదు, వచ్చి కూర్చుని పోయేది. అతను ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, ఒక్కటడుగుత, నిజం చెప్పు. అన్న నా పేరు పిలిచిండా? వదిననడిగితే ఎంకమ్మనడుగు అన్నది. నోరు పడిపోయిందంటున్నరు గద. నోరు పడినోడు ఎట్ల పిలుస్తడు?"

పొట్లం కడుతున్న నా చేయి ఆగింది. ఆమెకు ఇంతకంటే మంచి అదను దొరకదు. 'నేను గట్ల చెప్పలే, నీలమ్మనే కల్పించింది' అంటే చాలు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. చచ్చినవాళ్ళ మీద అబద్ధాలు ఏడ్చేదాన్ని ఎవరూ మళ్ళీ వాకిట్లోకి రానివ్వరు. తలాపు దగ్గరి చోటు ఎంకమ్మకు తిరిగి వస్తుంది. బతికినన్నాళ్ళూ ఆమెదే. అది ఆమెకూ తోచింది. పెదవులు కదిలాయి, కళ్ళు ఒకసారి నా మీదికి వచ్చి పోయాయి. నేనిప్పుడు కూడా ఏమీ అనలేదు.

ఎల్లేశ్ ఆమె నోటినే చూస్తున్నాడు. గుండు మీద చెమట పట్టింది. ఆ క్షణంలో యాభై ఏళ్ళ మనిషి లాగా లేడు.

"నోటితోని పిలవలే బిడ్డా" అంది ఎంకమ్మ. గొంతు ఎత్తలేదు. ఆమె అంత చిన్నగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు. "నోరు ఏడున్నది ఆయినెకు? ఈ తొవ్వల ఆటో సప్పుడైతె మెడ తిప్పేది. ప్రతి ఆటోకు తిప్పేది. అది ముంగట్నుంచి పోయేదాక చెవు పెట్టి ఇనేది. పోతే మల్ల కండ్లు మూసుకునేది. ఎందుకట్ల చేస్తుండని ఇంట్లోల్లకు సమజ్ కాలే. నేను పక్కపొంటి కూసున్న గద, నాకు సమజైంది. నీ ఆటో అనుకుంటుండు. ఇగ వస్తడు, గిప్పుడు దిగుతడు అనుకుంటుండు. గది పిలుసుడు కాదా? నోటితోని అంటెనే పిలిచినట్టా?"

ఎల్లేశ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "రోజూ ఇదే తొవ్వల పోయిన అక్కా. తొమ్మిదొద్దులు పోయిన. ఒక్కనాడు ఆపలే" అన్నాడు. ఎంకమ్మ అతని గుండు మీద చేయి వేసింది. "ఆపకున్నా నీ సప్పుడు ఇన్నడు గద. ఇనే పోయిండు" అంది. అతను చాలాసేపు ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకుని, ఆమె కాళ్ళకు దండం పెట్టి, ఆటో ఎక్కి చేవెళ్ళ దిక్కు వెళ్ళిపోయాడు. నా కళ్ళు కూడా తడిశాయని చెప్పడానికి మొహమాటం లేదు.

"నిజమేనా ఎంకమ్మా? మెడ తిప్పిండా?" అని అడిగాను.

"యాడిది సేటూ. కట్టె లెక్క పడి ఉండె. మెడ గూడ పడిపాయె ఆయినెకు."

ఆమెను మెచ్చుకోవాలని నాకు అనిపించింది. నీ మనసు మంచిది అనో, పోనీలే అనో ఏదో ఒకటి అనబోయాను. ఆమెకు నా మెప్పు అక్కర్లేదు. ఆమె మనసు ఇంకెక్కడో ఉంది.

"సేటూ, ఒక్క మాట నిజం చెప్పు. ఇప్పుడు నేన్జెప్పింది మంచిగున్నదా, మొన్న అది ఏడ్సింది మంచిగుండెనా?"

"నువ్వు చెప్పిందే" అన్నాను. నిజమే చెప్పాను.

ఆమె ముఖం వెలిగింది. వెంటనే కళ్ళనిండా నీళ్ళు నిండాయి. మూడు రోజుల్లో ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

"మరి ఎవ్వలు ఇనకపాయిరి గద సేటూ" అంది.